గరిక లేని చోటు

శశికళ ఒంటికాలి మీద నిలబడి రెండో బూటు అడుగుభాగం చూసుకుంది. తోలు అంచంతా ఆకుపచ్చ రంగు అంటుకుని ఉంది.

"మీ మైదానం రంగు వదులుతోంది, మిస్టర్ పకెట్."

కాల్డర్‌వుడ్ కాలేజీ ఆటల విభాగానికి డైరెక్టర్ వేడ్ పకెట్. ఆరడుగులు దాటిన మనిషి, ఒకప్పుడు ఇదే మైదానంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవాడు. గేటు తాళం తీసినప్పటినుంచీ బిగించుకునే ఉన్న అతని ముఖం కాస్త సడలింది.

"గడ్డికి రంగు వేయడం నేరం కాదుగా? రేపు హోమ్‌కమింగ్ ఆట. ఎక్కడెక్కడి పాత విద్యార్థులూ వస్తారు. ఈ వారం తొలి మంచు పడగానే మైదానమంతా వరిగడ్డి పరిచినట్టు తయారైంది. వాళ్ళకి అది చూపించమంటారా?"

"మంచు పడితే ఎండిపోతుందని మీకు ముందు తెలియదా?"

"తెలుసు. మీవాడు చెప్పే నాటాడు."

'మీవాడు' అంటే దత్తాత్రేయ. గడ్డిమీద పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకుని, ఇక్కడి మైదానం చూసుకునే ఉద్యోగంలో చేరిన మనిషి. ఈ కాలేజీ మైదానంలో తరతరాలుగా ఉన్నది చలిప్రాంతపు గడ్డి. వర్జీనియా ఎండలకి ఏటా వేసవిలో మాడిపోయేది. ఆటల కాలం ముగిసే నాటికి గడ్డి పోయి ఉత్తనేల తేలేది. అది రాయిలా గట్టిపడేది. దాన్ని మొత్తం చంపించి, నేలలో ఇసుక కలిపి దున్నించి, ఎండకు తట్టుకునే బెర్ముడా గడ్డి నాటించాడు దత్తాత్రేయ. జూన్‌లో నాటితే ఆగస్టుకల్లా అల్లుకుపోయింది. ఆ ఆగస్టు చివర్లోనే ఒక శుక్రవారం సాయంత్రం, మైదానం చూసొస్తానని ఇంట్లో చెప్పి వెళ్ళి, తిరిగి రాలేదు. అతని కారు వాషింగ్టన్ ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో దొరికింది. పెళ్ళాన్ని వదిలేసి పారిపోయాడని పోలీసులు తేల్చారు. ఊళ్ళోవాళ్ళు ఎవరో ఆడమనిషిని కూడా ఆ కథకి జోడించారు.

ఆ మాట నమ్మని మనిషి ఒక్కతే. అతని భార్య బాలమణి. జెర్సీ సిటీలో చిన్న ఆఫీసు పెట్టుకుని ప్రైవేట్ డిటెక్టివ్‌గా పనిచేస్తున్న శశికళకి ఆవిడే ఫోన్ చేసి పిలిపించింది. ఇప్పుడు ఆవిడ గేటు బయట కారులో కూర్చుని ఉంది. లోపలికి రమ్మంటే రానంది. "ఆయన పెంచిన గడ్డి అక్కా. తొక్కబుద్ధి అయితలేదు," అంది.

శశికళ పకెట్‌కేసి తిరిగింది.

"కెన్నీ మేబ్రీ ఎలా ఉన్నాడు?"

పకెట్ దవడ బిగుసుకుంది. "ఆ సంగతి ఇక్కడెందుకు?"

"పోయిన నవంబరులో ఇదే మైదానంలో పడి ఆ అబ్బాయి మెడ విరిగింది. కాళ్ళూ చేతులూ ఆడవు. నేల రాయిలా ఉందని తెలిసే ఆడించారని వాళ్ళ అమ్మానాన్నలు కోర్టుకెళ్ళారు. సెప్టెంబరులో దత్తాత్రేయ సాక్ష్యం చెప్పాల్సింది. ఆగస్టులోనే మాయమయ్యాడు. నాకు కావలసింది ఆ సంగతే."

"చూడండి మేడమ్. ఆ ఆటకి ముందు నేల గట్టితనం కొలిచింది నేను కాదు. ఇంజనీరింగ్ విభాగంలో మట్టి నిపుణుడు ఉన్నాడు, ప్రొఫెసర్ రాధాకృష్ణ. అతనే కొలిచాడు. ఆడుకోవచ్చన్నాడు. నేను ఆడించాను. అంతే."

"ఇప్పుడు మైదానం ఎవరు చూస్తున్నారు?"

"అతనే. దత్తాత్రేయ పోయాక ఇంకెవరికి తెలుసు ఈ గడ్డి సంగతి? రంగు వేద్దామన్నది కూడా అతనే. కాసేపట్లో గీతలు గీయించడానికి వస్తాడు, అడగండి."

అడగని మాటకి కూడా జవాబు ఇచ్చాడు. శశికళ దాన్ని మనసులో పెట్టుకుని, చేతిరుమాలు తీసి మైదానంలోకి దిగింది.

ఒక గోల్‌పోస్టు నుంచి రెండో గోల్‌పోస్టు దాకా పొడవునా, మళ్ళీ వెనక్కి, రైతు నాగలి తిప్పినట్టు తిరిగింది. నాలుగడుగులకోసారి వంగి రుమాలుతో గడ్డిని రుద్దేది. రంగు రుమాలుకి ఎక్కేది, కింద ఎండిన తుక్కు తేలేది. ముట్టుకుంటే గరగరలాడేది. వేలు దూర్చి లాగితే నేలబారున పాకిన తీగ కణుపులతో సహా పైకి లేచేది. ఎక్కడ చూసినా అంతే. వంటిల్లు తుడిచిన గుడ్డలా అయింది రుమాలు. పకెట్ గేటు దగ్గర చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

ఉత్తరం మూలన, గోల్‌పోస్టు వెనక, ఆట హద్దుకి అవతల ఆమె చెయ్యి ఆగింది.

రంగు ఎప్పటిలాగే రుమాలుకి ఎక్కింది. దాని కింద మళ్ళీ ఆకుపచ్చే ఉంది. గడ్డి చల్లగా, మెత్తగా, తడిగా తగిలింది. శశికళ మోకాళ్ళ మీద కూర్చుని ఒక ఆకు తుంచి చూసింది. కొన పడవ ముక్కులా ఉంది. లాగితే తీగ రాలేదు, పీచువేళ్ళతో చిన్న కుదురు వచ్చింది. పక్కకి జరుగుతూ చేత్తో తడిమింది. ఎండుగడ్డి ఎక్కడ మొదలవుతోందో అక్కడ ఒక పుల్ల గుచ్చింది. అలా చుట్టూ గుచ్చుకుంటూ వచ్చి లేచి నిలబడింది.

పుల్లల మధ్య తేలిన ఆకారాన్ని చూసింది. అంచులు తిన్నగా ఉన్నాయి. ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకుంటే ఎంత జాగా పడుతుందో అంతే ఉంది.

"ఏం నాటుతున్నారు మిస్ డిటెక్టివ్?"

వెనక నుంచి వచ్చిన గొంతు లెఫ్టినెంట్ డ్వైట్ హార్లన్‌ది. కౌంటీ పోలీసుల్లో ఈ కేసు చూసిందీ, మూసిందీ ఆయనే. పకెట్‌తో కలిసి ఇదే కాలేజీలో చదివాడు. ఆఫీసులో ఉన్నవాళ్ళచేత ఫోన్ చేయించి పకెట్టే పిలిపించి ఉంటాడు.

"ఇక్కడ తవ్వించాలి లెఫ్టినెంట్."

"ఎందుకు?"

"మైదానమంతా బెర్ముడా. మంచుకి అది ఎండిపోయింది. ఈ ముక్క మాత్రం పాత రకం, చలిగడ్డి. ఎండలేదు. నిన్నగాక మొన్న రంగు వేయకపోతే గేటు దగ్గర్నుంచే కనబడేది."

హార్లన్ నవ్వాడు. "నీటి పైపు పగిలి ఉంటుంది. బాగుచేసి ఏ గడ్డి దొరికితే అది కప్పి ఉంటారు."

"మిస్టర్ పకెట్!" శశికళ గొంతెత్తి పిలిచింది. "ఈ మూలన పైపు ఏమైనా ఉందా?"

పకెట్ నెమ్మదిగా దగ్గరికి వచ్చాడు. పుల్లల కేసి చూసి, "గుర్తు లేదు," అన్నాడు.

"పైపులన్నీ ఈ వేసవిలోనే కొత్తగా వేయించారు. అప్పుడే మర్చిపోయారా?"

"వేడ్‌ని గద్దించకు," హార్లన్ ముందుకొచ్చాడు. "నీ క్లయింటు భర్త ఇంకో బతుకు వెతుక్కుంటూ పోయాడు. కారు ఎయిర్‌పోర్టులో ఉంది. ఎప్పుడూ అందులోనే ఉంచుకునే పాస్‌పోర్టు లేదు. ఇంకేం కావాలి నీకు?"

"ఏ విమానం ఎక్కాడో చెప్పండి చాలు."

హార్లన్ టోపీ సర్దుకున్నాడు.

"ఏ విమానం లిస్టులోనూ అతని పేరు లేదు. ఆ కారు మీ యార్డులోనే ఉంది, నిన్న చూసొచ్చాను. డ్రైవర్ సీటు వెనక్కంటా జరిపి ఉంది. దత్తాత్రేయ నాకంటే పొట్టి. ఆ సీట్లో కూర్చుంటే అతని కాలు బ్రేకుకి అందదు. మీరు కనీసం కూర్చుని చూశారా?"

ఆయన మెడ ఎర్రబడింది. "ఈ కౌంటీలో సగం మంది పొడుగువాళ్ళే. రేపు ఇక్కడ ఆట ఉంది. గడ్డి రంగు తేడాగా ఉందని మైదానం తవ్వమంటే జడ్జి నన్ను చూసి నవ్వుతాడు. నాకు గడ్డి కాదు, సాక్ష్యం కావాలి."

శశికళ గేటు బయటికి నడిచింది. కారు తలుపు తీసి కిందికి వంగింది.

"బాలమణీ, ఒక్కసారి దిగి రా. తప్పదు."

బాలమణి ఆమె ముఖంలోకి చూసింది. కొంగు కోటులోకి దోపుకుని దిగింది. గేటు దాటాక చెప్పులు విప్పి పక్కన పెట్టి, ఆ చలిలో వట్టికాళ్ళతో గడ్డి మీద నడిచింది.

"నువ్వు ఇంతకు ముందు ఈ మైదానంలోకి వచ్చావా?"

"చవితికి వచ్చిన అక్కా. గరిక కోసం."

"గరికా?"

"ఇది గరికే కదా. వీళ్ళు బెర్ముడా అంటరు. 'మన వినాయకుని పత్రి ఈ దొరలకు నాటుడు నేర్పిస్తున్న చూడు' అని నవ్వేటోడు ఆయన." బాలమణి కాళ్ళ కింది గడ్డిని చూసింది. "ఆయన పోయి అప్పటికి ఇరవై దినాలు కాలే. తిరిగి రావాలని మొక్కుకుని పూజ చేద్దామనుకున్న. ఆయన దోస్తు రాధాకృష్ణ అన్న తోలుకొచ్చిండు."

శశికళ ఆగింది. "అప్పుడు ఎక్కడెక్కడ కోశావు?"

"గేటు కాడ్నే మొదలువెట్టిన. కోసుకుంట కోసుకుంట ఆ మూలకు పోయిన," అంటూ పుల్లలు గుచ్చిన వైపే చెయ్యి చూపింది. "ఆడ గరిక లేదక్కా. ఆకు వేరే ఉంది. ఇదేందన్నా, ఈడ గరిక మొలవలేదా అని అడిగిన. అన్న ఉరికొచ్చి నా చెయ్యి పట్టి గుంజిండు. మందు కొట్టిండ్రు, ముట్టకు అన్నడు. గట్ల ఎన్నడూ చెయ్యి పట్టలే నన్ను. మందుకు భయపడ్డడేమో అనుకున్న."

ఆ మాటలన్నీ శశికళ హార్లన్‌కి ఇంగ్లీషులో చెప్పింది. ఆయన వింటూ ఒక్కసారి మాత్రం తల తిప్పి పకెట్‌ని చూశాడు.

అప్పుడే గేటులోంచి పికప్ వ్యాన్ వచ్చి ఆగింది. వెనక సున్నం బస్తాలూ, గీతలు గీసే బండీ ఉన్నాయి. దిగినవాడు రాధాకృష్ణ. యాభైకి దగ్గరపడిన మనిషి. బక్కపలచగా, దాదాపు దత్తాత్రేయ అంత పొట్టిగానే ఉంటాడు. అతని ఎత్తు చూడగానే శశికళ అనుకున్న లెక్క తప్పింది. ఆ సీట్లో కూర్చుంటే ఇతని కాలు కూడా బ్రేకుకి అందదు.

"ఏంటమ్మా బాలమణీ, ఈ చలిలో చెప్పుల్లేకుండా..." అంటూ వచ్చినవాడు పుల్లలు చూసి నిలిచిపోయాడు.

"నమస్కారమండీ, రాధాకృష్ణగారూ," అంది శశికళ. "ఈ మూలన గడ్డి ఎవరు మార్చారు?"

"అదా... అక్కడ మొలక సరిగా రాలేదండీ. స్టాండ్ వెనక పాత గడ్డి కొంచెం మిగిలి ఉంటే తెచ్చి ప్యాచ్ చేశాం."

"మళ్ళీ గరికే పెట్టొచ్చుగా?"

"అప్పటికి నాటి రెండు నెలలే అయిందండీ. కోసి లేపితే పొరలా రాదు, విడిపోతుంది. అందుకని..." మాట మధ్యలో ఆపేశాడు.

"జూన్‌లో నాటారు, రెండు నెలలంటే ఆగస్టు. అంటే ఆగస్టులోనే ప్యాచ్ చేశారు. మొలక రాకపోతే కొత్త గడ్డి కప్పితే సరిపోతుంది, ఉన్న గడ్డిని కోసి లేపి చూడాల్సిన పనేముంది?"

బాలమణి ఇద్దరి ముఖాల్లోకీ మార్చి మార్చి చూస్తోంది.

"కెన్నీ ఆటకి ముందు నేల గట్టితనం కొలిచింది మీరేనటగా. ఆడుకోవచ్చని చెప్పింది కూడా మీరేనట. పకెట్‌గారు చెప్పారు."

"ఆయన చెప్పాడా?" అన్నాడు రాధాకృష్ణ. ఆ గొంతులో కోపం లేదు. చాలాకాలంగా ఎదురుచూస్తున్న దెబ్బ తగిలినట్టు భుజాలు దిగిపోయాయి.

పకెట్ అసహనంగా కదిలాడు. "వీళ్ళ భాషలో ఏమిటీ గొడవ? డ్వైట్, వీళ్ళని బయటికి పంపు. నాకు పనుంది."

"పంపిస్తాను," అన్నాడు హార్లన్. "ముందు ఈ మేడమ్ ముచ్చట తీర్చేద్దాం. మైదానం నీది. ఒక్క మూర తవ్వడానికి నీకేం అభ్యంతరం లేదుగా?" జవాబు కోసం ఆగకుండా వ్యాన్ దగ్గరికి వెళ్ళి పార పట్టుకొచ్చాడు. పుల్లల మధ్యకి వెళ్ళి నిలబడి శశికళని చూశాడు. "ఏమీ లేకపోతే ఇవాళే బస్సెక్కుతావు. సరేనా?"

"సరే."

ఆయన పార నిటారుగా నిలిపి, బరువంతా వేసి గుచ్చడానికి బూటు కాలు ఎత్తాడు.

"వద్దు! ఆగండి!"

రాధాకృష్ణ పరిగెత్తుకెళ్ళి పార కర్రని రెండు చేతులతో పట్టుకున్నాడు. ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో అన్నాడు. "అట్లా పొడవకండి. లోతు లేదు. మెల్లగా తీయండి. తల ఇటువైపుంది."

హార్లన్ ఎత్తిన కాలు అలాగే దించి, పుల్లల గీత దాటి వెనక్కి అడుగేశాడు. పార నేలమీద పడింది.

శశికళ పట్టుకోబోతే బాలమణి చెయ్యి విడిపించుకుని మెల్లగా ముందుకు నడిచింది. ఆ గడ్డి అంచున కూర్చుని అరచెయ్యి దాని మీద ఆనించింది. అది చూసి రాధాకృష్ణ కూడా ఉన్నచోటే కూలబడ్డాడు.

"ఎందుకన్నా?"

"చెల్లెమ్మా..." అతను గడ్డి కేసే చూస్తూ చెప్పాడు. "కెన్నీ ఆట రోజు నేల చాలా గట్టిగా ఉంది. ఆడకూడదు. కానీ సీజన్‌లో లాస్ట్ గేమ్. ఎలాగైనా ఓకే చెయ్యమన్నారు. నా ఉద్యోగం పర్మనెంట్ అయ్యే ఏడాది అది. తగ్గించి చెప్పాను. ఆ కుర్రాడు పడ్డాడు. మర్నాడు దత్తు వచ్చి తనే కొలిచి చూసుకున్నాడు, తెలిసిపోయింది. అయినా ఏడాది దగ్గర దగ్గర ఎవరికీ చెప్పలేదు. నాకోసమే. 'కోర్టులో మాత్రం అబద్ధం చెప్పలేను రా, ముందు నువ్వే చెప్పెయ్, నేను పక్కన ఉంటా' అన్నాడు. ఆ సాయంత్రం ఇక్కడే, ఈ గోల్‌పోస్టు దగ్గరే. నాకు కోపం వచ్చింది. తోసేశాను. నేల చదును చేసే ఇనప రోలర్ ఉంది వెనక. దానికి తల తగిలింది."

హార్లన్‌కి భాష తెలియదు. కానీ శశికళ చెప్పకముందే టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఆమె అంతా చెప్పాక, "ఇక్కడే ఎందుకు పాతిపెట్టాడు? అడగండి," అన్నాడు. మొదటిసారి ఆయన గొంతులో వెటకారం లేదు.

"బయట ఎర్రమట్టి," అన్నాడు రాధాకృష్ణ ఇంగ్లీషులోనే. "ఆగస్టులో గునపం కూడా దిగదు. ఇక్కడే మెత్తగా ఉంది. వాడే మెత్తగా చేయించాడు, ఇంకెవరూ మెడ విరగ్గొట్టుకోకూడదని."

బాలమణి తల ఎత్తింది.

"పడ్డప్పుడు ఊపిరి ఉన్నదా?"

అతను తల దించుకున్నాడు.

"నిన్నే అడుగుతున్నన్నా. డాక్టర్‌ని పిలిస్తే బతికేటోడా?"

"నేను చూడలేదమ్మా. నేను దగ్గరికి పోలేదు."

"మరి ఎవరు చూశారు?" శశికళ అతని ఎదురుగా గొంతుక్కూర్చుంది. "రాధాకృష్ణగారూ, దత్తాత్రేయ కారు ఎయిర్‌పోర్టుకి నడిపింది మీరు కాదు. సీటు అంత వెనక్కి జరిపితే మీకు అందదు. ఆ సాయంత్రం ఇక్కడ ఇంకొకరున్నారు. ఎవరు?"

రాధాకృష్ణ కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచినప్పుడు బాలమణిని కాదు, హార్లన్‌ని చూశాడు. అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో, ఒక్కొక్క మాటే చెప్పాడు.

"మా ఇద్దరినీ మాట్లాడుకోమని ఇక్కడికి రప్పించింది మీ స్నేహితుడే. అంబులెన్స్ పిలుద్దామని నేను గేటు వైపు పరిగెత్తాను. వెనక్కి పిలిచాడు. వంగి చెయ్యి పట్టి చూసి, నాడి లేదు, ఇక పిలిచి లాభం లేదన్నాడు. నేను నమ్మాను. గుంట తవ్వాక కాళ్ళవైపు నేను పట్టుకున్నాను." అతను తన అరచేతులు చూసుకున్నాడు. "ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది. దింపుతుంటే మూలిగాడు. గాలి పోతోంది అంతే, కానియ్ అన్నాడు."

బాలమణి చెయ్యి గడ్డిని పిడికిట బిగించింది. శశికళ ఎన్నో చావులు చూసింది. ఇలాంటి మాట వినలేదు.

హార్లన్ టోపీ తలమీద పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళ స్నేహితుడు తన వెనక ఎక్కడున్నాడో చూడటానికి ఆయన తల తిప్పలేదు. రంగు వేసిన ఎండుగడ్డి మీద అడుగుల గరగర వినిపిస్తోంది. ఒక్కొక్కటే, దూరమవుతూ.

ఆయన చెయ్యి మెల్లగా నడుముకున్న తుపాకీ దగ్గరికి వెళ్ళింది.

"వేడ్," అన్నాడు. "ఇంకొక్క అడుగు కూడా గేటు వైపు వెయ్యకు."